చిన్న మేడమ్‌కి తెలియకుండా

ఫోన్లో పాట వస్తూనే ఉంది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని ఒక ఆడగొంతు మధ్యమధ్య చెప్పి, మళ్ళీ ఆ పాటనే పెడుతోంది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చుగా అనుకుంది అక్క. పార్లర్ వెనకగదిలో, ఉతికిన టవళ్ళ బుట్టకీ రంగు డబ్బాల అలమరకీ మధ్య, కాళ్ళు సరిగ్గా ఆనని స్టూలు మీద కూర్చుని ఉంది. ఎడమ చేతి గ్లవ్ తీయలేదు, దాని వేళ్ళకి నల్లరంగు ఇంకా తడిగానే ఉంది. కుడి చేతిలో ఫోను చెవికి అతుక్కుపోయింది. షాపు ఖాతాలో డబ్బు పోయింది. పోయింది అనడం కూడా తప్పే, తనే ఇచ్చింది, తలుపు తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ అప్పగించింది. ఖాతా ఇద్దరిదీ, అక్కదీ చెల్లెలిదీ. ఓనరు ఈ షాపు అమ్మేస్తానంటే, పక్కన ఫోన్లు బాగుచేసే అతను కొనేసుకోకముందే మనమే కొందామని ఇద్దరూ కూడబెట్టిన అడ్వాన్సు అది. వచ్చే వారం కట్టాలి. కట్టకపోతే కుర్చీలూ అద్దాలూ లారీకెక్కించి ఎటు పోవాలో తెలియదు. కర్టెన్ అవతల చెల్లెలు ఎవరి జుట్టో కత్తిరిస్తూ నవ్వుతోంది. కస్టమరు కూడా నవ్వుతోంది. దాని కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా నవ్వుతారు, అదేం వింతో, నెత్తిమీద కత్తెర ఆడుతున్నా నవ్వుతారు.

పాట ఆగింది. ఓపికైన మగగొంతు ఒకటి నమస్కారం చెప్పి ఏం కావాలంది. అక్క గొంతు తగ్గించి చెప్పింది.

"కొంచెం గట్టిగా మాట్లాడండి మేడమ్, సరిగా వినిపించట్లేదు."

"గట్టిగా మాట్లాడలేనండి."

అతను కారణం అడగలేదు. ఖాతా నంబరు అడిగాడు, పుట్టిన తేదీ అడిగాడు, డబ్బు పోయినట్టు మెసేజ్‌లు ఎన్ని వచ్చాయని అడిగాడు. రెండు, ఒకదాని వెనకే ఒకటి. "కోడ్ ఎవరికైనా చెప్పారా మేడమ్?" అన్నాడు. చెప్పానంది. సరే అన్నాడు, ఒంట్లో ఏమిటని అడిగి రాసుకునే డాక్టరులా, తప్పుపట్టకుండా. టకటకా ఏవో నొక్కిన చప్పుడు.

"కార్డూ ఖాతా బ్లాక్ చేశాను. ఇక కొత్తగా ఏమీ పోదు. పోయిన డబ్బు వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి వాళ్ళు తీసేసుకునేలోపు ఆపమని మనం అడగాలి. మీది జాయింట్ ఖాతా కదా, ఇద్దరూ చెబితేనే అడగ్గలం. రెండో ఆవిడని లైన్లోకి పిలుస్తారా?"

"తను ఇక్కడ లేదండి," అంది అక్క. సరిగ్గా అప్పుడే కర్టెన్ అవతల నుంచి ఆ నవ్వు మళ్ళీ వచ్చింది.

"అయితే తను దొరగ్గానే ఈ కంప్లైంట్ నంబరు చెప్పి ఫోన్ చెయ్యండి. ఆలస్యం చెయ్యకండి మేడమ్, ఇలాంటి డబ్బు చూస్తుండగానే చేతులు మారిపోతుంది. పోలీసులకి కూడా ఫిర్యాదు ఇవ్వండి."

కనుబొమ్మలు దిద్దే పెన్సిలు చేతికి దొరికితే దానితోనే రంగు డబ్బా మూత మీద నంబరు రాసుకుంది. ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. కర్టెన్ అవతలే ఉంది చెల్లెలు, ఏమే ఒకసారి ఇటు రా అంటే చాలు. పిలవలేదు. వచ్చాక అది అడిగే మొదటి మాటేమిటో అక్కకి తెలుసు. కోడ్ ఎందుకు చెప్పావక్కా అంటుంది. తిట్టదు, తిడితే బాగుండును, జాలిగా అడుగుతుంది, చంటిపిల్లని అడిగినట్టు. అప్పుడు చెప్పాలి. ఇందాక రంగు కలుపుతుంటే ఫోనొచ్చిందనీ, ఒకావిడ ఎంతో మర్యాదగా పెద్ద మేడమ్ గారేనా అని అడిగిందనీ, మా ఇంట్లో పెళ్ళి, పెళ్ళికూతురి ముస్తాబంతా మీ చేతుల మీదుగానే జరగాలి, చిన్న మేడమ్ వద్దు మీరే కావాలి అందనీ చెప్పాలి. చెల్లెలి మొహంలో మొహం పెట్టి చెప్పాలి. అదంతా దొంగమాటని తేలిపోయాక చెప్పాలి. డబ్బు పోయిందని చెప్పడం ఒక ఎత్తు, ఇది చెప్పడం ఒక ఎత్తు. డబ్బు పోయిందంటే దానికి కడుపులో కాలుతుంది. ఇది చెబితే మాత్రం దానికి నవ్వొస్తుంది, పైకి నవ్వదు, లోపల నవ్వుకుంటుంది, ఆ లోపలి నవ్వుని అక్క ఇక జన్మంతా ఎదురుగా అద్దంలో చూస్తూ పనిచేసుకోవాలి.

మీరే కావాలి. ఆ మాట విని ఎన్నేళ్ళయింది! ఈ షాపులో ఒక పద్ధతుంది, పెట్టిందీ అక్కే. పెళ్ళి పని ఒప్పుకున్నవాళ్ళు ఆ పెళ్ళయ్యేదాకా తమ కుర్చీ చేతికి ఎర్ర రిబ్బన్ కట్టుకోవాలి. షాపు తెరిచిన కొత్తలో వచ్చిపోయేవాళ్ళ కళ్ళల్లో పడుతుందని కట్టింది, అప్పుడున్నది ఒక్క కుర్చీయే. తర్వాత చెల్లెలు వచ్చింది, రెండో కుర్చీ వచ్చింది, రిబ్బన్ మెల్లగా అటు జరిగింది, జరిగి అక్కడే కాపురం పెట్టింది. ఇప్పుడు ఒకటి విప్పకముందే ఇంకోటి కడుతోంది, పెళ్ళిళ్ళ కాలంలో ఆ కుర్చీ చెయ్యి విరిగి కట్టు కట్టినట్టు ఉంటుంది. పొద్దస్తమానం ఎదురుగా ఆ ఎరుపు. అందుకే ఇవాళ ఫోన్లో ఆవిడ అడ్వాన్సు పంపుతున్నాం, మీ కార్డు నంబరు చెప్పండి, మీకు రెండు కోడ్‌లు వస్తాయి, అవి చెబితే డబ్బు మీ ఖాతాలో పడుతుంది అంటుంటే అక్క సగమే వింది. నోరు అంకెలు చెబుతోంది, చెయ్యి సొరుగులో రిబ్బన్ కోసం దేవులాడుతోంది. కోడ్ ఎవరికీ చెప్పవద్దని మెసేజ్‌లోనే ఉంది, చదివింది కూడా. ఎవరికీ చెప్పలేదు మరి, చెల్లెలికి చెప్పలేదుగా. కర్టెన్ లాగి, ఈ గదిలోకొచ్చి, గుసగుసగా మాట్లాడింది. పని ఖాయమయ్యాక రేపు పొద్దున అది వచ్చేసరికి తన కుర్చీకి రిబ్బన్ కట్టి ఉండాలి, అది చూసి నోరెళ్ళబెట్టాలి, ఎవరక్కా అని అడగాలి, ఎవరో లేవే అని తను తేలిగ్గా అనెయ్యాలి, ఇంత కథ అల్లుకుంది. ముందే చెప్పి ఉంటే, డబ్బు రావడానికి కోడ్ ఎందుకక్కా అని అది ఫోన్ లాగేసుకునేది. తర్వాత లైబ్రరీలో పనిచేసే ఆవిడ తలకి రంగు వేస్తుండగా ఏప్రన్ జేబులో ఫోను రెండుసార్లు వణికింది. పెళ్ళికూతురి ఫోటో పంపించారనుకుని మురిసిపోయింది. రంగంతా వేసి, కుడి చేతి గ్లవ్ ఊడదీసి, ఫోటో చూద్దామని తెరిస్తే ఇది.

రోజూ సాయంత్రం షాపు ఊడ్చేది అక్కే. చెల్లెలి కుర్చీ చుట్టూ జుట్టు గుట్టగా పడి ఉంటుంది, తన కుర్చీ చుట్టూ నేల నిగనిగలాడుతుంటుంది. చీపురుతో ఆ గుట్టలోంచి కాస్త ఇటు లాగి, రెండు కుప్పలూ ఇంచుమించు సమానమయ్యాక ఒకసారి చూసుకుని, అప్పుడు ఎత్తిపోస్తుంది. ఎవరికి చూపించడానికి? ఎవరికీ కాదు, అప్పటికి చెల్లెలు వెళ్ళిపోయి ఉంటుంది. అయినా ఆ ఒక్క నిమిషం ప్రాణానికి హాయిగా ఉంటుంది. మొదట అటు వెళ్ళింది టీచరమ్మ. ఎన్నో ఏళ్ళు అక్క కుర్చీలోనే కూర్చున్న మనిషి, అక్కకి జ్వరమొచ్చి రాని రోజున ఒక్కసారి అటు కూర్చుంది, అంతే. మళ్ళీ వచ్చినప్పుడు అక్క దులిపి సిద్ధంగా పెట్టిన ఖాళీ కుర్చీ వైపు చూసి, "మీరు బిజీగా ఉన్నట్టున్నారు, నేను చిన్న మేడమ్ కోసం ఆగుతాలెండి" అంది. బిజీగా! ఈగలు తోలుకుంటూ కూర్చున్న మనిషిని పట్టుకుని బిజీ అనడానికి ఎంత సంస్కారం కావాలి! తర్వాత ఒకరి వెనక ఒకరు. గంటసేపు సోఫాలో పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటారు గానీ ఇటు రారు. పర్లేదండీ, తొందర లేదండీ, అంటారు. పార్లర్‌కొచ్చి తొందర లేదనే ఆడదాన్ని అక్క ఇక్కడే చూసింది. పోనీ దాని పనేమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? కత్తెర పట్టే తీరు అక్కది, దువ్వెన తిప్పే తీరు అక్కది, వేళ్ళ మధ్య జుట్టు పట్టుకుని తల కాస్త పక్కకి వంచి చూసే ఆ చూపు కూడా అక్కదే. ముందు దొంగిలించింది అది. దాని మీద కంప్లైంట్ ఏ నంబరుకి ఇవ్వాలి? మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని అక్కడ ఎవరంటారు?

నేర్పింది తనే. ఉద్యోగం పోయి ఇంట్లో మూలన కూర్చున్నదాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి చేతిలో కత్తెర పెట్టింది. మొదట బొమ్మ తల మీద నేర్పింది. బొమ్మ తలకీ మనిషి తలకీ తేడా ఉంటుందే అని, ఒక ఆదివారం షాపు మూసి, తనే కుర్చీలో కూర్చుని, నా జుట్టు కత్తిరించు అంది. అది వణుకుతూ కత్తిరించింది. ఒక పక్క చెవి దాకా, ఒక పక్క భుజం దాకా. అక్క నెలరోజులు తలకి స్కార్ఫ్ కట్టుకుని తిరిగి, అడిగినవాళ్ళకి కొత్త ఫ్యాషనని చెప్పింది. ఒకరిద్దరు నమ్మి అలాగే కట్టుకున్నారు కూడా. ఆ రోజు ఇద్దరూ అద్దంలో ఆ వంకర తల చూసి పొట్ట పట్టుకుని నవ్వారు, నవ్వి నవ్వి చెల్లెలు కింద కూలబడింది, అక్క ఏప్రన్‌లో మొహం దాచుకుని, నన్నొదిలెయ్యకక్కా అంది. ఎవరు ఎవర్ని వదిలేశారిప్పుడు? అంతకంటే వెనక్కి వెళ్తే అమ్మ. స్కూలుకి ముందు ఇద్దర్నీ వరసగా కూర్చోబెట్టి తల దువ్వేది. అక్క జుట్టు పలచన, రెండు లాగులు లాగి, నీదేముందే, చిటికెలో అయిపోతుంది, లే, అనేది. చెల్లెలి జుట్టు దట్టంగా ఉంగరాలు తిరిగి ఉండేది. అమ్మ విసుక్కునేది, ఏం జుట్టే ఇది అడవిలా, అని విసుక్కుంటూనే వేళ్ళు దాంట్లోంచి తీసేది కాదు. టైమైపోతున్నా తీసేది కాదు. అక్క బూట్లు తొడుక్కుని, సంచి తగిలించుకుని, గుమ్మం దగ్గర నిలబడి ఆ వేళ్ళనే చూసేది. అమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఆ వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇంట్లో మొగుడైనా తన పక్షమా అంటే, కుళాయి చెడిపోయినా, మా మరదల్నడుగు, దానికైతే తెలుస్తుంది, అంటాడు. కుళాయికీ దానికీ ఏం సంబంధమో ఆ మహానుభావుడికే తెలియాలి.

టైము చూడాలి అనుకుంది, చూడలేదు. ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడుందో, ఎవరి ఖాతాలో కూర్చుందో, ఎవరి చేతికి అందుతోందో. లేవాలి, రెండడుగులు వెయ్యాలి, కర్టెన్ తీయాలి. పోతే పోనీ అని ఒక మనసంటోంది. షాపు పోతే రెండు కుర్చీలూ పోతాయి, సమానంగా పోతాయి, దాని కుర్చీ కూడా ఖాళీయే అవుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఒళ్ళు జలదరించింది, వచ్చింది మాత్రం తనకే. అసలు ఆ దొంగకి తన సంగతి ఎలా తెలిసింది? చిన్న మేడమ్ వద్దు అనాలని ఎలా తెలిసింది? తెలియకేం. ఫోన్లో షాపు పేరు కొడితే చాలు, ఇద్దరి నంబర్లొస్తాయి, బొమ్మలొస్తాయి, కింద జనం రాసిన మెచ్చుకోళ్ళొస్తాయి. అక్క అవన్నీ కంఠతా పట్టింది, రాత్రిళ్ళు పుండు గోక్కున్నట్టు చదువుకుంటుంది. చిన్న మేడమ్ బంగారం. చిన్న మేడమ్ చెయ్యి పడితే మనిషే మారిపోతుంది. చిన్న మేడమ్ లేకపోతే మా అమ్మాయి పెళ్ళి ఏమయ్యేదో. పెద్ద మేడమ్ గురించి రాసింది ఒకే ఒక్కరు. పెద్ద మేడమ్ కూడా ఉన్నారు, ఆవిడ దగ్గర వెయిటింగ్ తక్కువ. దొంగది అదంతా చదివి ఉంటుంది, చదివి, ఈ ఇద్దరిలో ఆకలితో ఉన్నది ఎవరో చిటికెలో పోల్చుకుని ఉంటుంది. తిండి ఎక్కడ పెడితే ఎవరొచ్చి వాలతారో తెలిసిన మనిషి. ఇన్నేళ్ళలో అక్క పరిస్థితిని అంత శ్రద్ధగా అర్థం చేసుకున్న మనిషి మరొకరు లేరు.

అవతల నుంచి లైబ్రరీ ఆవిడ గొంతు వినిపించింది. కాస్త చెవుడు, అందుకని గట్టిగా మాట్లాడుతుంది. "అమ్మాయ్, నెత్తి మండుతోంది, ఎక్కడున్నావ్?" అక్క ఉలిక్కిపడింది. రంగు సంగతే మరిచిపోయింది, కడగాల్సిన వేళ దాటిపోయింది. ఆవిడ అక్కకి మిగిలిన ఒకే ఒక్క ఖాయం మనిషి. నువ్వు నోరు మూసుకుని పనిచేస్తావు, నాకెలాగూ వినపడదు, మనిద్దరికీ కుదిరింది, అంటుంది ఎప్పుడూ. అక్క స్టూలు మీంచి లేవబోయింది. ఈలోపే చెల్లెలి గొంతు, "అయ్యో, అక్క ఫోన్లో ఉన్నట్టుందండీ, నేను కడిగేస్తా రండి," అంది. నీళ్ళ చప్పుడు. అక్క నిలబడిపోయింది. అది ఇప్పుడేం చేస్తోందో చూడక్కర్లేదు. ఎడమ చెయ్యి మెడ కింద పెడుతుంది, నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుని వేడి చూస్తుంది, చెవులు కాస్త ముడుస్తుంది. కాసేపటికి లైబ్రరీ ఆవిడ, వీధి చివరికి వినిపించేంత గట్టిగా, "ఆహా, నీ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందే తల్లీ, నిద్దరొచ్చేస్తోంది," అంది. అక్క మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. ఖాతాలో డబ్బు పోయిందని మెసేజ్ చూసినప్పుడు కళ్ళు తిరిగాయి గానీ కన్నీళ్ళు రాలేదు. ఇప్పుడొచ్చాయి. ఇది కూడా పోయింది. ఆ చెవిటి మనిషి కూడా పోయింది. గ్లవ్ ఉన్న చేత్తోనే తుడుచుకుంది, చెంప మీద నల్లగా చార పడిందని తర్వాత గానీ తెలియలేదు.

చేతిలో ఫోను మోగింది. అదే నంబరు, ఆ పెళ్ళి ఆవిడది.

"మేడమ్, నేనేనండి. అడ్వాన్సు పంపడంలో చిన్న ఇబ్బందొచ్చింది. మీకు ఇంకో కోడ్ వచ్చుంటుంది, అది కూడా చెప్పేస్తే పనైపోతుంది."

అరవాలి. తిట్టాలి. అక్కకి తిట్లు రాక కాదు, ఒకసారి మొదలుపెడితే పక్క షాపతను కూడా పని ఆపి వింటాడు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట. "ఎందుకు నేనే కావాలన్నారు?"

"అదేంటి మేడమ్ అలా అడుగుతారు? మీ పని ముందు ఇంకెవరి పనైనా దిగదుడుపే కదా. మా పిన్ని కూతురి పెళ్ళిలో చూశాంగా, కళ్ళు తిప్పుకోలేకపోయాం. చెయ్యి తిరిగిన మనిషంటే మీరే మేడమ్. చిన్న మేడమ్ గారిది ఏదో పైపై మెరుగు, అసలు పనితనం మీదే."

అక్క కళ్ళు మూసుకుంది. దొంగని తెలుసు. పిన్నీ లేదు, కూతురూ లేదు, పెళ్ళీ లేదు, ఆ గొంతు వెనక ఉన్నదల్లా తన షాపుని మింగిన నోరు. అంతా తెలుసు, అయినా ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్ళు దిగినట్టు ఆ మాటలు లోపలికి దిగుతూనే ఉన్నాయి. పైపై మెరుగు. ఎంత సరిగ్గా చెప్పింది! ఇంకా చెప్పు, ఇంకొంచెం చెప్పు. అప్పుడు ఆ గొంతు వెనకాల, అదే గదిలో కాబోలు, ఇంకో గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోన్లో, ఎంతో మర్యాదగా, "మీరే కావాలి సార్, ఇంకెవరూ వద్దంటున్నారు మావాళ్ళు," అంటోంది. దాని వెనక ఇంకోటి. సంతలా ఉంది ఆ గది. ఎంతమందిని, ఎన్ని షాపుల్లో, ఎన్ని వెనకగదుల్లో ఒక్కొక్కరే కూర్చున్నవాళ్ళని ఇలా మీరే మీరే అని పిలుస్తున్నారో. అక్కడ కూడా తను ఒక్కతే కాదు. అక్కకి నిజంగా కోపమొచ్చింది, డబ్బు గురించి కాదు, దీని గురించి వచ్చింది. ఫోన్ కట్ చేసి, గ్లవ్ ఊడబెరికి బుట్టలో పడేసి, కర్టెన్ తీసింది.

లైబ్రరీ ఆవిడ టవలు చుట్టుకుని చెల్లెలి కుర్చీలో కూర్చుని ఉంది. చెల్లెలు డ్రయ్యర్ పట్టుకుని తలెత్తి చూసింది. "ఏంటక్కా, మొహానికి ఆ నలుపేంటి?"

"ఏమే, ఒక్కసారి లోపలికి రా."

లోపల అక్క మూడు ముక్కల్లో చెప్పేసింది. షాపు డబ్బు పోయింది, కోడ్ నేనే చెప్పాను, నువ్వు కూడా మాట్లాడితే గానీ ఆపరట. చెల్లెలి మొహంలో రక్తం లేదు. అయినా ఒక్క ప్రశ్న వెయ్యలేదు. డబ్బా మూత మీది కంప్లైంట్ నంబరు చూసుకుని అక్క ఫోన్లోంచి బ్యాంకుకి చేసింది, తన ఫోన్ తీసి పోలీసులకి ఫిర్యాదు పెట్టడం మొదలుపెట్టింది, ఒక చెవిలో బ్యాంకు పాట, ఒక చేత్తో టైపింగు. బ్యాంకతను దొరికాడు. ఇందాకటి మనిషే. చెల్లెలు గబగబా మాట్లాడుతుంటే అతని గొంతు కూడా చురుగ్గా అయింది, అలాగే మేడమ్, తప్పకుండా మేడమ్, నేను స్వయంగా చూస్తాను మేడమ్. వీడు కూడా దాని కుర్చీలో కూర్చున్నాడు అనుకుంది అక్క, అనుకుని తన మీద తనకే రోత పుట్టింది. కాసేపు ఆగమని పాట పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టవళ్ళ బుట్ట వైపు చూస్తూ ఆ పాట విన్నారు. తర్వాత అతను వచ్చి చెప్పాడు. రెండోసారి వెళ్ళిన డబ్బు ఆ ఖాతాలోనే ఉంది, ఆపించాం, కాగితాలు ఇచ్చాక వెనక్కి వస్తుంది. మొదటిసారి వెళ్ళింది మాత్రం బయటికి తీసేశారు మేడమ్, ఇప్పుడే, కొద్దిసేపటి క్రితం. ఇంకాస్త ముందు చెప్పి ఉంటే అదీ దొరికేది.

చెల్లెలు ఫోన్ పెట్టేసింది. గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. సగం మిగిలింది, సగంతో ఓనరు దగ్గరికి వెళ్ళి గడువడగాలి, ఆయన ఇస్తాడో, పక్క షాపతనికే రాసిచ్చేస్తాడో.

"ఇప్పుడు చెప్పక్కా. కోడ్ ఎందుకు చెప్పావు?" సరిగ్గా ఆ జాలి గొంతుతోనే అడిగింది.

అక్క నిలబడే చెప్పింది. టవళ్ళకి చెప్పింది, రంగు డబ్బాలకి చెప్పింది, దాని వైపు చూడలేదు. పెళ్ళనీ, ముస్తాబనీ, నీ పేరు చెప్పి నువ్వు వద్దన్నారనీ, నేనే కావాలన్నారనీ చెప్పింది. చెప్పి, ఆ నవ్వు కోసం ఎదురుచూసింది. నవ్వు రాలేదు. ఎంతసేపటికీ ఏమీ రాకపోతే తలదించి చూసింది. చెల్లెలు ఏప్రన్ అంచుని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నాకూ చేసింది," అంది.

"ఎవరు?"

"అదే ఆవిడ. పోయిన వారం. బోర్డు మీద నా నంబరుంది కదా. పెద్ద మేడమ్‌తో మాట్లాడాలి, పెళ్ళి పని ఆవిడ చేతే చేయించుకుంటాం అంది." ఏప్రన్ అంచు వదిలేసింది. "నువ్వు పెళ్ళిళ్ళు మానేశావని చెప్పి కట్ చేసేశాను. ఆ నంబరు బ్లాక్ చేశాను. నీకు చెప్పలేదు."

అవతల లైబ్రరీ ఆవిడ తనలో తాను ఏదో పాడుకుంటోంది. అక్క వంగి, చెల్లెలి ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పి ఉంటే, పోయిన వారమే ఈ మాట చెప్పి ఉంటే, ఇద్దరూ కలిసి మాట్లాడి ఉంటే ఎక్కడో ఒకచోట మోసం బయటపడేది, ఇవాళ డబ్బు ఖాతాలోనే ఉండేది. ఆ మాట అనొచ్చు, అనడానికి హక్కుంది, నోటి దాకా వచ్చింది కూడా. కానీ దాన్ని తోసుకుని ఇంకో మాట ముందుకొచ్చింది.

"అబద్ధమని నీకు అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుంది?" చెల్లెలు తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపంగా కూడా ఉన్నాయి. "నాకంతా నేర్పింది నువ్వు. అసలు పనితనం నీదేనని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కనిపెడతారని నాకు తెలుసు. కనిపెట్టేశారనుకున్నాను. నిజమే అనుకున్నాను అక్కా, అందుకే ఒళ్ళు మండిపోయింది."

సగం డబ్బు పోయింది, షాపు ఉంటుందో ఊడుతుందో తెలియదు, పోలీసుల దగ్గరికెళ్ళాలి, ఓనరు కాళ్ళావేళ్ళా పడాలి, మొగుడికి చెప్పాలి. అవన్నీ ఉన్నాయని అక్కకి తెలుసు. తెలిసి కూడా, సిగ్గులేకుండా, ఒళ్ళంతా ఏదో చల్లగా పాకింది. ముందుకు జరిగి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"బాగా మండిందా?" అని అడిగింది, ఆశగా.